పిల్లల పుట్టిననాళ్లు, వేసవి సెలవులు



పిల్లల పుట్టిననాళ్లను గూర్చియు, సెలవులను గూర్చియు మీతో కొంతసేపు ముచ్చటింపుమని రేడియోవారు నన్ను కోరినారు. పిల్లల వేడుకలకు ప్రసంగమెందులకు అని మీలో కొందఱకు తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. పిమ్మట ఆలోచించి చూడగా, ఈ రెండు విషయములలో మా యింట నేను చేసిన పొరపాట్లే ఒక ప్రసంగమునకు చాలునని తెలిసినది. నేను మేడ్చలునకును శామీరుపేటకును నడుమనున్న ఒక పల్లెవాడను. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసినవాడను. ఇతరుల పిల్లలకు బుద్ధులు చెప్పుటలో కాలము గడిపితిని గాని, నా మనుమని యెడ నడచుకొనవలసిన తీరు వృద్ధాప్యమున నేర్చుకొంటిని.

ముందుగా నా పుట్టిననాటి సంగతి చెప్పెదను. బడి పట్టీలో నా జన్మదినము 1950 జూన్ 1. అది మా పంతులుగారు వ్రాసినది. ఆ దినములలో పంతుళ్లు పిల్లవానిని ఎగాదిగ చూచి, ఒడ్డు పొడవులను బట్టి వయస్సు అంచనా కట్టి, బడి తెఱచు కాలమునకు సరిపోవునట్లు ఒక తేదీ వ్రాసికొనెడివారు. మన పల్లెలలో జూన్ 1న, జూలై 1న పుట్టినవారు ఇందఱుండుటకు కారణమిదియే. ఇది వినుచున్న మీలోను నావంటివారు ఎందఱో ఉందురు. మా అమ్మ లెక్క వేఱు. "పోలీసు యాక్షన్ అయిన మూడో ఏడు, సద్దుల బతుకమ్మ పోయిన మూడోనాడు పుట్టినవు బిడ్డా" అని చెప్పెడిది. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగినది. ఆ లెక్కన నేను పుట్టినది 1951 అక్టోబరు. పంతులుగారి చేతి చలువ వలన నేను పదునాఱు నెలలు ముందుగా, 2008 మే నెలాఖరున, ఉద్యోగము నుండి విరమించితిని. ఒక్క గీత వ్రాతకు ఒకటిన్నర యేటి జీతమునకు కాస్త తక్కువ పోయినది.

ఇప్పుడు అట్లు సాగదు. జనన మరణముల నమోదు చట్టము 1969 నాటిది. బిడ్డ పుట్టిన 21 దినములలోపల ఆ సంగతి తెలుపవలెనని అందు కలదు. ఆస్పత్రిలో పుట్టినచో ఆస్పత్రివారు, ఇంట పుట్టినచో ఇంటిపెద్ద తెలుపవలెను. ఆ చట్టమును 2023లో సవరించినారు. ఆ యేట అక్టోబరు 1వ తేదీ నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరుటకును, ఓటర్ల జాబితాకును, ప్రభుత్వోద్యోగమునకును పుట్టిన తేదీకి ఆధారముగా జనన ధ్రువపత్రము నిలుచును. మన యిండ్లలో తొట్టెల వేడుక ఇరువదియొకటవనాడు జరుగుట వాడుక. చట్టము చెప్పిన గడువును అంతే. పేరు నిశ్చయింపనిదే నమోదు చేయింపరాదని కొందఱి భ్రమ. అది సరికాదు. ముందు బిడ్డను నమోదు చేయించి, పేరు తరువాత చేర్పింపవచ్చును. తొట్టెలకు చుట్టములను పిలుచు పెద్దమనిషి, ఆ పత్రము సంగతి కూడ ఆనాడే విచారించినచో బాగుండును.

మా అమ్మ నా పుట్టిననాటిని ఎన్నడును పండుగగా చేయలేదు. మా యింటిలోనే గాదు, మా వాడలో ఎవరింటను ఆ మాట వినలేదు. పిల్లల వేడుకలు వేఱుగా ఉండెడివి. తొట్టెల అయిన తరువాత యాదగిరిగుట్టకో, వేములవాడకో, కొమురవెల్లికో పోయి పుట్టువెంట్రుకలు తీయించెడివారు. కొన్ని యిండ్లలో సంక్రాంతికి రేగుపండ్లు, చెఱకు ముక్కలు, చిల్లర పైసలు కలిపి పిల్లల తలపై భోగిపండ్లు పోసెడివారు. పుట్టిన తిథిని పాటించు కుటుంబములలో తెల్లవారుజామున తలంటిపోసి, క్రొత్తబట్టలు కట్టి, నువ్వులు బెల్లము కలిపిన పాలు త్రాగించి, పాయసము వండెడివారు. ఏ వేడుకయైనను మధ్యాహ్నమునకు ముగిసిపోవును. ఆ రాత్రి బిడ్డ ఎప్పటివలె తన పక్కలో తాను నిద్రపోవును. ఈ కడపటి సంగతిని మీరు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను.

మా పెద్ద మనుమడు 2015 నవంబరులో పుట్టినాడు. నా కొడుకు సికింద్రాబాదులో ఒక చిన్న ఉద్యోగము చేయుచున్నాడు. అప్పటికి వాని జీతము నెలకు ముప్పదివేలు. బిడ్డకు ఏడాది నిండునాటికి పెద్ద విందు చేయవలెనని ఇంటిలో అందఱమును తలచితిమి. తిథి ఒకనాడు వచ్చినది, తేదీ మఱియొకనాడు వచ్చినది. ఫంక్షన్ హాలు మాత్రము నవంబరు మూడవ ఆదివారము దొరకినది. అట్లు ఆ బిడ్డకు ఆ నెలలో మూడు పుట్టిననాళ్లు అయినవి. మేడ్చలు వైపు పోవు జాతీయ రహదారి మీద బారులు తీఱియున్న హాళ్లను మీరు చూచియే యుందురు. వానిలో ఒకదానిని దసరా నాడు బయానా యిచ్చి కుదుర్చుకొంటిమి. అది మన జిల్లా ఏర్పడిన దసరా, 2016 అక్టోబరు 11. నా కొడుకు చీటీ పాడి ఎత్తిన సొమ్ము దానికి పోసినాడు. మొత్తము ఖర్చు రెండు లక్షల పైచిలుకు.

కాలపు పిల్లలకు ఆడంబరములెక్కువ అని మనము రచ్చబండ కడ అనుకొనుచుందుము. నేనును చాలసార్లు అంటిని. కాని ఆ విందుకు పిలిచినవారి జాబితా ఇప్పటికిని నా యొద్ద ఉన్నది. అందు మూడువందల యిరువది పేర్లు. నా కొడుకును కోడలును వ్రాసినవి నూటపది. తక్కిన రెండువందల పది పేర్లు నా చేతి వ్రాత. "ఫలానివారి యింట మనము మూడుమార్లు తిన్నాము, పిలువకున్న మాట వచ్చును," "వారి కూతురి పెండ్లికి మనము అయిదువందలు చదివించితిమి," ఇట్లు చదివింపుల పుస్తకము ముందు పెట్టుకొని ఒక్కొక్క పేరే చేర్చితిని. నా కొడుకు ఒకసారి, "బాపూ, ఇంతమంది ఎందుకే?" అని అడిగినాడు. నేను వానికి లోకరీతిని గూర్చి ఉపన్యాసమిచ్చితిని. ఆ చీటీ కంతులు మనుమనికి మూడేండ్లు నిండువఱకు వాడు కట్టుచునే యుండెను. ఆ మూడేండ్లలో వాడు భార్యాబిడ్డలతో ఒక్కనాడైన ఏ యూరికిని పోయి రాలేదు.

మీకు నవ్వు వచ్చు సంగతి యొకటి కలదు. నవంబరు 8వ తేదీ రాత్రి అయిదువందల, వేయి రూపాయల నోట్లు రద్దయినవి. మా విందు జరిగినది పన్నెండు దినముల తరువాత. వచ్చినవారిలో పెక్కుమంది కవరులలో పెట్టి చదివించినవి రద్దయిన నోట్లే. వంటవాడు మాత్రము క్రొత్త నోట్లు కావలెనని పట్టుపట్టినాడు. నేను ఆ చదివింపులు మార్చుటకు బ్యాంకు ముందు వరుసలో మూడు దినములు నిలిచితిని. లోకరీతి నాకు ఆ వరుసలో కొంత బోధపడినది.

ఇక ఎవని కొఱకు ఇంత చేసితిమో వాని సంగతి. ఆ హాలులోని దీపముల కాంతికి పెద్దలకే కన్నులు చెదరెను. మైకు పట్టుకొని ఒక యువకుడు కేకలు వేయుచుండెను. బిడ్డను ఒకరి చేతినుండి ఒకరు తీసికొని ఫోటోలు దిగినారు. ఎనిమిది తొమ్మిది నెలల నాటినుండి బిడ్డలకు తెలిసిన మొగమునకును తెలియని మొగమునకును భేదము పట్టుబడును. క్రొత్తవారు ఎత్తుకొన్న బెదరుదురు. ఇది వారి యెదుగుదలలో ఒక మెట్టు, మొండితనము కాదు. మా వాడు ఎక్కిళ్లు పెట్టి యేడ్చి, వాంతి చేసికొని, ఎనిమిదిన్నరకు తల్లి భుజము మీద నిద్రపోయినాడు. ఒకటి రెండేండ్ల బిడ్డకు దినమునకు 11 మొదలు 14 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. మాకు అప్పుడు నిద్ర మాట తోచలేదు. రావలసిన పెద్దమనుషులు తొమ్మిదిన్నరకు వచ్చిరి. నిద్రించుచున్న బిడ్డ చేతిలో కత్తి పెట్టి, పైనుండి తండ్రి చేయి పట్టి, కేకు కోయించితిమి. ఆ ఫోటో మా గోడ మీద ఉన్నది. అందు అందఱును నవ్వుచున్నారు. పుట్టిననాడు ఎవనిదో వాడు మాత్రము తల వాల్చి నిద్రించుచున్నాడు.

ఇట్టి విందులలో ప్రమాదములు కూడ కలవు. కొన్ని గాలిబుడగలలో మండెడి వాయువు నింపుదురు. వానిని వెలుగుచున్న క్రొవ్వొత్తుల దాపున ఉంచిన భగ్గుమని అంటుకొనును. పిల్లలపై చల్లు నురుగు డబ్బాలలో పెక్కింటికి అదే గుణము. పల్లీలు, పగిలిన బుడగల ముక్కలు చిన్నబిడ్డల గొంతున అడ్డుపడును. అయిదేండ్లు నిండని బిడ్డకు పల్లీ గింజలు చేతికీయరాదు, దంచి పెట్టవచ్చును.

సెలవుల సంగతికి వచ్చెదను. మన రాష్ట్రమున బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ కడపటి వారము నుండి జూన్ 11 వఱకు ఉండుట వాడుకగా నున్నది. నా చిన్ననాట సెలవులనగా అమ్మమ్మ యూరు. ఇప్పుడు నగరమే మన యూళ్లకు సెలవులకు వచ్చుచున్నది. ఆదివారము నాడు శామీరుపేట చెఱువు కట్ట మీదను, జింకల వనము యొద్దను నిలుచు బండ్లను చూడుడు. తోట బంగళాలు, రిసార్టులు ఎన్ని వెలసినవో చూడుడు. నగరమువారు మన గాలికి రూకలిచ్చి వచ్చుచుండగా, మన మనుమలకు మాత్రము మన యూరిలో ప్రొద్దుపోదు.

మా వాడు ఏడేండ్లవాడై, 2023 మే నెలలో నాతో వచ్చినాడు. ఆ యేట ఏప్రిల్ లోనే ఎమ్.ఎమ్.టి.ఎస్. బండ్లు సికింద్రాబాదు నుండి మేడ్చలు వఱకు నడువసాగినవి. కిటికీ కడ కూర్చుండి ప్రతి స్టేషను పేరును గట్టిగా చదివినాడు. ఆ ప్రయాణము వానికి విందుకన్న ఎక్కువ వేడుక అయినది. కాని ఇంటికి చేరిన రెండవ దినముననే, "తాతా, ఇక్కడ ఏముంది?" అని అడిగినాడు. నాకు మాట తోచలేదు. మా ప్రాంతమంతయు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడినది; అనాబ్‌షాహీ గుత్తులు ఇచ్చటి పందిళ్ల నుండియే నగరమునకు పోయెడివి. బోరుబావులు ఎండి, కూలి పెరిగి, ఇంటి స్థలముల ధర ఆకాశమునకెక్కగా, తోటలు ఒక్కొక్కటే పోయినవి. నాకును రెండెకరముల తోట ఉండెను, అమ్మితిని. పందిరికి పాతిన రాతి కూసములు మాత్రము ఇప్పుడు ఒకరి ప్రహరికి కంచెగా నిలిచియున్నవి. వానిని వ్రేలితో చూపి, "అక్కడ ద్రాక్షలుండేవిరా" అంటిని. వాడు కూసములను చూచి, నన్ను చూచి, ఫోను అడిగినాడు. నేను ఇచ్చితిని. అటుపిమ్మట పది దినములు వాడు ఆ ఫోనుతోనే గడిపినాడు.

పదునొకండవ దినమున నాకు సిగ్గు కలిగి వానిని మా యూరి చెఱువు కడకు తీసికొని పోయితిని. పూడిక మట్టి త్రవ్విన గుంతలు ఆ చెఱువులో అచ్చటచ్చట ఉన్నవి. మోకాలి లోతు అనుకొన్నచోట ఒక్క అడుగు వేసిన తల మునుగును. ఇది నేనెఱుగని సంగతి కాదు. వాడు ఒడ్డున నీళ్లలో రాళ్లు విసరుచుండెను. ఇంతలో నా ఫోను మ్రోగెను. ఒక మిత్రుడు స్థలముల ధరను గూర్చి మాట్లాడుచుండగా, నేను కట్ట మీద అటు తిరిగి కూర్చుంటిని. వాడు కేక వేయలేదు. నీట మునుగువారు తఱచు కేక వేయలేరని తరువాత తెలిసికొంటిని. ఊపిరికే చాలని నోరు కేకకు ఎట్లు చాలును? గొఱ్ఱెలు మేపుచున్న ఒకతడు దూరము నుండి చూచి పరుగెత్తి వచ్చి, ఒడ్డున బోర్ల పండుకొని తన పొడవాటి కఱ్ఱ చాచినాడు. పిల్లవాడు దానిని పట్టుకొన్నాడు. నేను తిరిగి చూచునప్పటికి వాడు ఒడ్డున దగ్గుచు నీరు క్రక్కుచున్నాడు. "ఏంది సారూ, పోరన్ని నీళ్లకాడ ఇడిసి ఫోన్ల ముచ్చట పెడ్తున్నరా?" అని ఆ గొఱ్ఱెల కాపరి అనెను. ముప్పదియైదేండ్లు పిల్లలను మందలించిన నన్ను ఆనాడు ఆతడు మందలించినాడు.

కోడలికి ఆ సంగతి మూడు దినములు చెప్పలేదు. నాలుగవనాడు చెప్పితిని. ఆమె ఒక్క మాట అనలేదు. బిడ్డను తీసికొని మఱునాటి ఉదయపు బండిలో వెళ్లిపోయెను. మఱుసటి వేసవికి పంపుదురా అని అడుగగా, "పంపను మామయ్యా" అనెను. ఆమె మాటలో తప్పు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ప్రకారము 2021లో లోకమంతట నీట మునిగి చనిపోయినవారు సుమారు 3,00,000 మంది. వారిలో దాదాపు నాలుగవ వంతు అయిదేండ్లలోపు బిడ్డలు. అంత చిన్నవారికి చెఱువే అక్కఱలేదు. మూతలేని నీళ్ల సంపు, నిండిన తొట్టి చాలును. నీటినుండి తీసిన పిల్లవానిని తలక్రిందులుగా పట్టి త్రిప్పుట మన పల్లెల వాడుక. అది తగదు, విలువైన కాలము పోవును. ఊపిరి లేనిచో వెల్లకిల పరుండబెట్టి, నోట ఊపిరి ఊదుచు, ఱొమ్ము నొక్కుచు ఉండవలెను. ఇంకొకరు 108కి ఫోను చేయవలెను. ఈత రానివాడు నీటిలో దూకి రక్షింపబోయినచో ఇద్దఱు పోవుదురు. కఱ్ఱయో, త్రాడో, తలపాగ గుడ్డయో అందించుట మేలు. ఆ గొఱ్ఱెల కాపరికి ఏ సంస్థయు నేర్పలేదు; ఆతడు చేసినది మాత్రము అక్షరాల అదియే.

ఆ చలికాలమున మా యూరి పెద్దలము ఆర్గురము కూర్చుండి మాట్లాడుకొంటిమి. రచ్చబండ మీద కూర్చుండు సాయంకాలములను కట్ట మీద కూర్చుండిన నష్టమేమని ఒకరు అనిరి. అది మాకు నచ్చినది. వేసవి సెలవులలో మూడుగంటల నుండి ప్రొద్దుగ్రుంకువఱకు ఇద్దఱిద్దఱము వంతులవారీగా కట్ట మీద ఉందుము. ఫోను ఇంట విడిచి పోవుట నియమము. నన్ను బట్టి పెట్టిన నియమమది. ఒక పొడవైన వెదురు, ఒక మోకు, లారీ చక్రపు ట్యూబు చెట్టుకు కట్టి ఉంచితిమి. లోతు గుంతలున్న చోట ఎఱ్ఱగుడ్డ కట్టిన కఱ్ఱలు పాతించితిమి. ఆఱేండ్లు దాటిన పిల్లలకు, మెట్లున్న ఒక వ్యవసాయపు బావిలో, ఈత తెలిసిన ఇద్దఱు యువకులు ఉదయమున ఈత నేర్పుచున్నారు. మా చిన్ననాటివలె ఎండిన సొరకాయ బుఱ్ఱలు నడుమునకు కట్టింతుము. మొత్తము ఖర్చు మూడువేలు దాటలేదు.

2024 మే నెలలో ఒక ఆదివారము కోడలు తానే వచ్చి, కట్ట మీద గంటసేపు నిలిచి అంతయు చూచి, సాయంకాలమునకు బిడ్డను విడిచి వెళ్లెను. నాకు ఏమియు చెప్పలేదు. వాని సంచిలో రెండు జతల ఈత బట్టలు ఉండెను.

ఇంకొక చిన్న చిక్కు కలదు. నా కూతురు అమెరికాలో ఉన్నది. ఆ దేశమున బడులకు సెలవులు చాలచోట్ల జూన్ నుండి ఆగస్టు వఱకు. ఆమె కూతురు ఇచ్చటికి వచ్చునప్పటికి మన బడులు జూన్ 12న తెఱచియుండును. ఒకయేడు ఆ పిల్ల మా కొడుకింటి గడపలో కూర్చుండి, బావ బడినుండి వచ్చు దారిని ప్రొద్దంతయు చూచెను. ఇప్పుడు జూన్ మొదటి వారముననే చేరునట్లు ముందుగా టిక్కెట్లు కొనుచున్నారు. కలిసియుండుటకు తొమ్మిది పది దినములు దొరకుచున్నవి. దూరదేశములలో బిడ్డలున్నవారు ఈ సంగతి సంక్రాంతినాటికే విచారించుకొనవలెను. వేసవి దగ్గరపడిన కొలది విమానపు ధరలు మనమాట వినవు.

2024 దసరా సెలవులకు మా మనుమడు వచ్చి, బడిలో ఇచ్చిన పని కొఱకు ఇంటిలో అందఱి పుట్టిన తేదీలును వ్రాసికొన్నాడు. నా యొద్దకు వచ్చినప్పుడు రెండు లెక్కలును చెప్పితిని. వాడు బడి లెక్కను కొట్టివేసి, మా అమ్మ లెక్కను ఉంచినాడు. సద్దుల బతుకమ్మ పోయిన మూడవనాడు నా పుట్టిననాడు చేయవలెనని తీర్మానించినాడు. పిలువవలసినవారి జాబితా వాడే వ్రాసెను. మా వాడలోని పిల్లలు ఏడుగురు, గొఱ్ఱెల కాపరి ఒకడు. నేను ఒక్క పేరు చేర్పబోగా వినలేదు. నా భార్య సర్వపిండి కాల్చినది, మలీద ముద్దలు చేసినది. సాయంకాలము ఏడుగంటలకెల్ల అందఱును తిని వెళ్లిరి. ఎనిమిదింటికి వాడు నా ప్రక్కన నిద్రపోయెను. పండుకొనుటకు ముందు పలక మీద నా వయస్సు డెబ్బదిమూడు అని పెద్ద అక్షరములతో వ్రాసి, ఆ పాత ఫోటో క్రింద గోడకు ఆనించినాడు. బడి పట్టీ లెక్కకు అది ఒకటి తక్కువ.